పిల్లల కార్లు, ముసలాళ్ల బీరువాలు

ప్లాస్టిక్ కారు కిట్టు ఒక్కటి 35 డాలర్లట! అందులో రంగు లేదు, జిగురు లేదు, కుంచె లేదు. అవన్నీ కలుపుకుంటే బిల్లు ఎక్కడికో పోతుంది. పన్నెండేళ్ల పిల్లాడు కొనగలడా? కొనలేడు. వాడి తాత కొంటాడు. కొని, పైన చుట్టిన పాలిథీన్ కూడా విప్పకుండా బీరువాలో దాచుకుంటాడు. నా ఈడు వాళ్ల మీద నా మొదటి ఫిర్యాదు ఇదే. కుర్రాళ్ల మీదా, వాళ్ల అమ్మానాన్నల మీదా కూడా ఉన్నాయి. ఒక్కొక్కటే చెప్తాను. నాకేం తొందర లేదు, రిటైరై చాలాకాలమైంది.

మాది అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్. డెట్రాయిట్‌కి ఉత్తరాన ఉంటుంది. 1974 చలికాలంలో బెజవాడ నుంచి ఇంజనీరింగ్ పట్టా పట్టుకుని వచ్చి ఈ చుట్టుపక్కలే డ్రాయింగు బల్ల ముందు కూర్చున్నాను. ఇప్పుడు ఈ ఊళ్లో తెలుగువాళ్లకి కొదవ లేదు. కానీ బుల్లి కార్లు కట్టే వాళ్లకి ట్రాయ్ అంటే ఏమిటో మనవాళ్లలో ఎందరికి తెలుసు? ఏఎంటీ వాళ్ల ఫ్యాక్టరీ ఇక్కడే ఉండేది. పూర్తి పేరు అల్యూమినియం మోడల్ టాయ్స్. 1948లో మొదలైన కంపెనీ. మొదట అల్యూమినియంతో పోసేవాళ్లు, వెంటనే ప్లాస్టిక్‌కి మారిపోయారు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ కంపెనీ పుట్టుక పిల్లల కోసమే. ఆ కాలంలో ఏటా ఆకులు రాలే వేళకి కొత్త కార్లు షోరూముకి వచ్చేవి. వాటితోపాటే అవే కార్లు, అవే రంగుల్లో, జానెడు పొడుగున డీలరు బల్ల మీద ఉండేవి. ప్రోమోలు అనేవారు. తండ్రి బేరమాడుతుంటే పక్కన నిలబడ్డ పిల్లాడి చేతిలో పెట్టడానికి. పిల్లాడు ఇంటికెళ్లి ఆ కారునే కొనమని ఏడవాలి, అదీ వ్యాపారం! బొమ్మ సమయానికి తయారు కావాలి కాబట్టి కార్ల కంపెనీలు తమ డ్రాయింగులు ముందే రహస్యంగా ఇచ్చేవి. 1958 నుంచి ఏఎంటీ అదే బొమ్మను ముక్కలుగా డబ్బాలో పెట్టి కిట్టుగా అమ్మింది. ఒకే డబ్బాతో మూడు విధాలుగా కట్టుకోవచ్చు: షోరూములో ఉన్నట్టు, మన సోకులు మనం చేసుకున్నట్టు, పందెంలో దింపేటట్టు. పోటీగా డెట్రాయిట్‌లోనే జోహాన్, కాస్త దూరంలో మౌంట్ క్లెమెన్స్‌లో ఎంపీసీ. అంటే అసలు కారు పుట్టిన ఊళ్లోనే దాని బొమ్మా పుట్టేది. ఇరవై అయిదో వంతు కొలత.

ధర సంగతి చూడండి. అరవైల్లో రెండు డాలర్ల లోపు. నేను వచ్చేనాటికి రెండు మూడు డాలర్లు. 1974 మే నెలలో ఇక్కడి ఫెడరల్ కనీస కూలీ గంటకి 2 డాలర్లయింది. ఒకటి రెండు ఇళ్ల ముందు గడ్డి కోసిన పిల్లాడు ఆ సాయంత్రమే కిట్టు కొనుక్కునేవాడు. ఇప్పుడు అదే ఫెడరల్ కూలీ 7.25 డాలర్లు. 35 డాలర్ల డబ్బాకి దాదాపు అయిదు గంటల పని. పైగా కొనడానికి ప్రత్యేకంగా హాబీ షాపు వెతుక్కుంటూ వెళ్లాలి, అదీ ఇంకా మూతపడకుండా ఉంటే. ఆ రోజుల్లో మందుల షాపులోనూ దొరికేవి, కేమార్ట్‌లోనూ దొరికేవి. ఆ కేమార్ట్ పెద్దాఫీసు కూడా మా ట్రాయ్‌లోనే ఉండేది లెండి. అదీ పోయింది.

ఇక ఆ డబ్బాల్లోని మజిల్ కార్ల సంగతి. మజిల్ కారు అంటే ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ సినిమాలో నల్ల డాడ్జ్ చార్జర్ అనుకుంటారు మా మనవడి ఈడు పిల్లలు. మామూలు కారులో భారీ ఇంజను పెట్టే ఆ మజిల్ కారు కథ 1964లో మొదలైంది. మధ్యరకం కారులో 330 క్యూబిక్ అంగుళాలకి మించిన ఇంజను పెట్టకూడదని జనరల్ మోటార్స్‌లో ఒక నియమం ఉండేది. ఆ కంపెనీ పాంటియాక్ విభాగంలో ఇంజనీరు జాన్ డెలోరియన్, ఆయన మనుషులు 389 ఇంజన్ను టెంపెస్ట్ కారుకి అదనపు సామాను కింద జాబితాలో రాసి ఆ నియమాన్ని పక్కదారిన దాటేశారు. ఆ అదనపు సామాను పేరే జీటీఓ. ఇక అందరూ ఎగబడ్డారు. క్రైస్లర్ వాళ్ల 426 హెమీ అయితే ఏడు లీటర్ల ఇంజను, కాగితం మీద 425 గుర్రాలు. డెట్రాయిట్ వుడ్‌వర్డ్ ఎవెన్యూలో రాత్రిపూట ఎర్రలైటు నుంచి ఎర్రలైటుకి పందేలు. తర్వాత ఇన్సూరెన్సు వాళ్లు ప్రీమియం మోత మోగించారు, 1970 నాటి క్లీన్ ఎయిర్ చట్టం పొగ మీద పడింది, 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి. నేను విమానం దిగేసరికి పెట్రోలు బంకుల ముందు బారులు. నిన్నటి దాకా వీధిని ఏలిన కార్లు పాత కార్ల దుకాణాల్లో అడిగే దిక్కులేకుండా పడున్నాయి. పిల్లలు మాత్రం వాటినే కట్టుకుంటున్నారు, బేస్‌మెంట్లలో.

మా పక్కింటి ఆయన హామ్‌ట్రామిక్‌లోని డాడ్జ్ మెయిన్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. 1970 నాటి డాడ్జ్ ఛాలెంజర్ కార్లు చాలావరకు అక్కడ తయారైనవే. వాళ్లబ్బాయి ఛాలెంజర్ కిట్టు కడుతుంటే ఆయన బీరు సీసా పట్టుకుని పక్కన కూర్చుని, "ఆ హీటర్ గొట్టం అటు కాదురా, ఇటు" అని సరిదిద్దేవాడు. పగలు ఎనిమిది గంటలు అసలు కారు బిగించి, సాయంత్రం దాని పిల్లను బిగించే కొడుక్కి పాఠం చెప్పే తండ్రి! అది నేను కళ్లారా చూశాను. మా అబ్బాయికీ, నాకూ ఆ పిచ్చి అంటుకున్నది వాళ్ల గరాజులోనే. డాడ్జ్ మెయిన్‌ని 1980 జనవరిలో మూసేశారు, మరుసటి ఏడు నేలమట్టం చేశారు. ఏఎంటీని 1978లో ఇంగ్లండు కంపెనీ లెస్నీ కొనేసింది, మ్యాచ్‌బాక్స్ కార్ల వాళ్లు. ట్రాయ్ ఖాళీ అయింది. ఆ తర్వాత అయోవాలోని ఎర్టల్ చేతికి పోయి, ఇప్పుడు ఇండియానాలో రౌండ్ టూ అనేవాళ్ల దగ్గరుంది.

జిగురు గురించి చెప్పాలి. టెస్టర్స్ ట్యూబు. నొక్కితే తీగలా సాగి, కారు అద్దం మీద పడిందా, అంతే సంగతులు, ఆ మచ్చ పోదు. అరవైల్లో కొందరు పిల్లలు దాన్ని సంచిలో పోసి పీల్చి మత్తెక్కించుకుంటున్నారని దేశమంతా గోల పుట్టింది. 1969లో ఆ కంపెనీ జిగురులో ఆవాల ఘాటు నూనె కలిపింది, ముక్కు దగ్గర పెడితే మంట పుట్టేట్టు. మా ఆవిడ మెట్ల మీద నిలబడి, "ఏమండీ, ఇక్కడ మామిడికాయలు దొరక్క నేనేడుస్తుంటే అక్కడ ఆవపిండి ఎవరు కలుపుతున్నారు?" అని అడిగేది.

ఇప్పటి జిగురు నీళ్లలా ఉంటుంది, జపాన్ వాళ్ల టామియాది. రెండు ముక్కలు దగ్గర పెట్టి అతుకు మీద కుంచె ఆనిస్తే సందులోకి అదే పాకుతుంది. బాగుంది. అబద్ధమెందుకు, చాలా బాగుంది. ఇవాళ్టి సామాను మీద నాకు పేచీ లేదు, మనుషుల మీదే.

రంగు వేయడం దగ్గరికొద్దాం. ఓపిక లేని కుర్రాళ్లు ఇక్కడే దొరికిపోతారు. అచ్చు నుంచి ఊడిరావడానికి రాసిన జిడ్డు కారు ఒంటిని అంటుకుని ఉంటుంది. గిన్నెలు తోమే సబ్బుతో కడగాలి. తర్వాత వెలుతురులో పట్టుకుని చూస్తే ముందు రెక్క నుంచి వెనకదాకా ఒక సన్నని గీత కనిపిస్తుంది, అచ్చు పలకలు కలిసిన చోటు. కత్తి అంచుతో గీకి, నీళ్లలో తడిపిన సాండ్ పేపరుతో రుద్దాలి. ప్లాస్టిక్ మందంగా ఉన్నచోట చల్లారేటప్పుడు లోపలికి గుంజుకుని గుంట పడుతుంది. అక్కడ లప్పం పెట్టాలి. కొండపల్లి వాళ్లు పొనికి చెక్క ముక్కల అతుకుల్లో చింతగింజల పిండీ, రంపపు పొట్టూ కలిపిన మక్కు పూసి నున్నగా తీసినట్టే. మా బెజవాడ పక్కనే కదా, చిన్నప్పుడు చూసిన పనే. అందుకే కాబోలు నాకు ఇది పరాయి విద్య అనిపించలేదు.

ఆ పైన ప్రైమరు. ఛాలెంజర్‌కి నాకు ఒకటే రంగు, ప్లమ్ క్రేజీ. 1970లో డాడ్జ్ వాళ్లు తెచ్చిన ఊదా. నేరేడుపండు కొరికిన నాలుక రంగు. ఆ పేరు పెట్టిన ధైర్యం ఇవాళ్టి కార్ల కంపెనీలకి ఉందా? పార్కింగులో చూడండి, తెలుపు, నలుపు, బూడిద, మళ్లీ బూడిద. స్ప్రే డబ్బాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే రంగు సన్నగా విచ్చుకుంటుంది. మరిగే నీళ్లలో కాదు సుమా, పేలుతుంది. మొదటి రెండు పూతలు పైపైన, ప్రైమరు ఇంకా కనబడేట్టు. తొందరపడి ఒకేసారి తడిపేస్తే తలుపు కింది అంచున రంగు కారి బొట్టు కడుతుంది. దూరం నుంచి కొడితే గాల్లోనే ఎండి గరుకుగా పడుతుంది.

లెక్క చెప్తాను వినండి. అసలు కారు మీద రంగు మందం రమారమి మిల్లీమీటరులో పదో వంతు. ఇరవై అయిదుతో భాగిస్తే 0.004 మిల్లీమీటర్లు. ఆ పల్చదనం ఏ డబ్బాకీ రాదు. కాబట్టి ఎంత తక్కువ పూస్తే అంత నిజంగా ఉంటుంది. మందంగా కొడితే ముందు రెక్క మీద ఛాలెంజర్ అన్న బుల్లి అక్షరాలు మునిగిపోతాయి. ఆ అక్షరాలు తేలడానికి ఒక కిటుకు. రంగుకి ముందే వాటి మీద బేర్ మెటల్ రేకు అతికించాలి. పాల మీది మీగడ కన్నా పల్చన, వెనక జిగురు ఉంటుంది. మాకు దగ్గర్లోని ఫార్మింగ్టన్ వాళ్ల సరుకే. రంగు పడ్డాక, పూర్తిగా బిగుసుకోకముందే, థిన్నర్లో ముంచి పిండేసిన గుడ్డను వేలికి చుట్టి అక్షరాల నెత్తిన ఒక్కసారి రాస్తే పైరంగు పోయి కింది వెండి మెరుస్తుంది. చుట్టూ ఊదా, మధ్యలో చిన్న చిన్న వెండి అక్షరాలు. కుంచెతో వెండిరంగు వేసేవాళ్లకి ఆ పదును ఈ జన్మలో రాదు.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి ముక్కే పరికరం. దగ్గర పెట్టుకుంటే థిన్నరు వాసన వస్తోందా? అయితే ఇంకా ఆరలేదు, పక్కన పెట్టు. ఎనామెల్ అయితే వారాలు పడుతుంది. ఈలోగా వేలితో తాకి చూసేవాడి వేలిముద్ర పోలీసులకి పనికొచ్చేంత స్పష్టంగా పడుతుంది.

ఇప్పుడు మా మనవడి సంగతి. వాడికి పన్నెండేళ్లు. తెలివైనవాడు, కాదనను. వీడియోలు రెట్టింపు వేగంతో చూస్తాడు. రంగు ఎలా ఆరుతుందో కూడా రెట్టింపు వేగంతో చూశాడు! మొన్న ఇంజను దగ్గర ఆగాడు.

"తాతయ్యా, డిస్ట్రిబ్యూటర్ వైర్లతో సహా రెడీమేడ్‌గా దొరుకుతోంది. ఆర్డర్ పెట్టనా?"

"పెడుదువుగాని. ముందు హెమీలో నిప్పు ఏ వరసలో వెళ్తుందో చెప్పు."

ఫోను చూసి చెప్పాడు. 1, 8, 4, 3, 6, 5, 7, 2. నేను దాన్ని పక్కింటి ఆయన వేళ్ల మీద లెక్కపెడుతుంటే నేర్చుకున్నాను. "ఒకటో సిలిండరు ఎక్కడరా?" అన్నాను. మౌనం. డ్రైవరు వైపు, ముందుది. అటు బేసి, ఇటు సరి. షెవర్లే పెద్ద ఇంజనుకీ నిప్పు వరస అదే గాని డిస్ట్రిబ్యూటర్ వెనక గోడ దగ్గర ఉంటుంది, క్రైస్లర్‌కి ముందర. హెమీకైతే స్పార్క్ ప్లగ్గు తీగలు పక్కనుంచి కాదు, వాల్వ్ కవర్ నడినెత్తిన గుంటల్లోకి దిగుతాయి. అసలు తీగ ఏడు మిల్లీమీటర్లు, మన కొలతలో 0.28. ఆ రోజుల్లో పాత టెలిఫోను వైరు ఒలిస్తే ఇంచుమించు సరిపోయేది. రెడీమేడ్ కొన్నా ఫర్వాలేదు, కానీ ఏ తీగ ఏ గుంటలోకో తెలియకుండా అంటిస్తే అది ఇంజను కాదు, నూడుల్స్.

అయినా మంచి మాట చెప్పుకోవాలి, కూర్చున్నాడు. ఎనిమిది తీగలూ తనే పెట్టాడు. రెండు వేళ్లకి జిగురు అంటుకుంటే ఒక్క క్షణం కంగారుపడ్డాడు, అంతే. ఆ సాయంత్రం మా కోడలు, "మామయ్యగారూ, వాడికి రేపు కుమాన్ ట్యూషన్ ఉందండీ" అంది. అమ్మానాన్నల మీద నా ఫిర్యాదు ఇదే. మన తెలుగిళ్లలో పిల్లలకి కుమాన్ ఉంది, స్పెల్లింగ్ బీ ఉంది, కోడింగ్ ఉంది, రోబోటిక్స్ కూడా ఉంది. ఏదైనా పతకం వచ్చేదై ఉండాలి, కాలేజీ దరఖాస్తులో రాసుకునేదై ఉండాలి. చేతికి రంగు అంటితే మాత్రం టైం వేస్టు. అమ్మా, నాన్నా, ఇద్దరూ కార్ల కంపెనీల్లో ఇంజనీర్లే, పిల్లాడికి స్క్రూ ఏవైపు తిప్పితే బిగుస్తుందో తెలియదు.

టైం వేస్టేనా? జనరల్ మోటార్స్ వాళ్ల ఫిషర్ బాడీ 1930 నుంచి 1968 దాకా క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్ అని ఒక పోటీ నడిపింది, మగపిల్లలకి మాత్రమే లెండి. ఆడపిల్లలు గుర్తురాలేదు వాళ్లకి. మొదట్లో రాజుల కాలం గుర్రబ్బండి నమూనా, తర్వాత సొంతంగా గీసుకున్న కారు పన్నెండో వంతు కొలతలో. గెలిచినవాళ్లకి కాలేజీ స్కాలర్‌షిప్పులు. ఆ పిల్లల్లో కొందరు పెద్దయ్యాక అదే కంపెనీలో కార్ల రూపాలు గీశారు. ఒక కంపెనీ తన రేపటి పనివాళ్లని పిల్లల బొమ్మల బల్ల దగ్గర వెతుక్కున్న రోజులు.

మళ్లీ నా ఈడు వాళ్ల దగ్గరికొస్తాను, వాళ్లని ఊరికే వదలను. ఏటా ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ జరుగుతుంది, 1995 నుంచీ. పాత మజిల్ కార్లన్నీ బారులు తీరి వస్తాయి. స్టీరింగు వెనక చూడండి, అన్నీ నెరిసిన తలలే. కిట్ల లోకమూ అంతే అయింది. పెద్ద కంపెనీలకి తెలుసు కొనేది మేమేనని. అందుకే యాభై ఏళ్ల కిందటి డబ్బా బొమ్మనే మళ్లీ అచ్చేసి, పాత అచ్చులోంచే మళ్లీ పోసి అమ్ముతున్నారు. మాకు చిన్నతనం కొన్నట్టుంటుంది. కొన్ని కార్లకి ఆ అవకాశం కూడా లేదు. ఆ కాలంలో ఏడాది తిరిగి కారు మూతి మారగానే అదే ఉక్కు అచ్చును చెక్కి కొత్త మూతి పెట్టేవాళ్లు. పాత సంవత్సరం కారు ఇక పోయడానికి వీలుండేది కాదు. అలాంటి డబ్బాలకి ఇప్పుడు వేలంపాట. మూత తీయకపోతే ఒక ధర, తీస్తే ఒక ధర. నాకు తెలిసిన ఒక పెద్దమనిషి ఇంట్లో గోడ పొడుగునా డబ్బాలే. ఒక్కటైనా కట్టాడా అంటే, "రిటైరయ్యాక" అంటాడు. ఆయన రిటైరై పదేళ్లు దాటింది.

కట్టేవాళ్లు కూడా తక్కువేం తినలేదు. ఫలానా సంవత్సరం ఆ బోల్టుకి ఆ రంగు కాదనీ, చక్రం అర మిల్లీమీటరు పెద్దదనీ తగువులు. మేం అలా అడిగీ అడిగీ కంపెనీల చేత ముక్కల సంఖ్య పెంచించాం. ముక్కలతో పాటు ధర పెరిగింది. ధరతో పాటు పిల్లాడు బల్ల దగ్గర నుంచి లేచి వెళ్లిపోయాడు. కుర్రాళ్లకి ఓపిక లేదని వంద తిడతాం గాని, వాడి కుర్చీలో కూర్చున్నది మేమే.

కాబట్టి నా ఈడు వాళ్లకి చెప్పేదొకటే. బీరువాలోంచి ఒక డబ్బా దింపండి. చాలా ఖరీదైనది అక్కర్లేదు, రెండోసారి అచ్చయినది చాలు. పాలిథీన్ చించి, మీ మనవడి ముందో మనవరాలి ముందో పెట్టండి. కత్తి పని మొదటిరోజు మీరు చేయండి, రంగు మాత్రం వాళ్లనే ఎంచుకోనివ్వండి. ఛాలెంజర్‌కి చిలకపచ్చ వేస్తామన్నా నోరు మూసుకుని కూర్చోండి. 1970లో డాడ్జ్ వాళ్లు ఆ పచ్చ కూడా అమ్మారు.